యాబేషు ఊరి జయశీల

అమెరికాలోని హెర్న్‌డన్‌లో తెలుగు క్రైస్తవుల సహవాసం ఒక చర్చిలో ఆదివారం మధ్యాహ్నం కూడుతుంది. పొద్దున పూట ఆ చర్చి అమెరికన్లది. వాళ్ళ ఆరాధన ముగిసి పార్కింగ్ లాట్ ఖాళీ అయ్యాక మనవాళ్ళు తబలా, హార్మోనియం, బిర్యానీ ట్రేలు మోసుకుంటూ లోపలికి వస్తారు. అక్కడ పెద్దల క్లాసుకి వేదపాఠం చెప్పేది జయశీల. నరసరావుపేట దగ్గర పల్లెలో పుట్టింది. తండ్రి మిషన్ బడిలో మాస్టారు. ఆవిడ ఇక్కడ గుండెజబ్బుల వార్డులో నర్సు. యాభై దాటినా ఇప్పటికీ పెద్ద షిఫ్టులే చేస్తుంది. గొంతు నెమ్మది, నవ్వు తక్కువ. కానీ ఆవిడ ఒక ఊరి కథ చెబుతుంటే పిల్లలు కూడా తమ క్లాసు వదిలేసి వచ్చి కిటికీ దగ్గర నిలబడేవాళ్ళు.

ఎవరికైనా బైబిల్లో ఇష్టమైన ఊరేదంటే బేత్లెహేమంటారు, యెరూషలేమంటారు. జయశీలకి మాత్రం యాబేష్గిలాదు. యొర్దాను నదికి తూర్పున కొండవాలులో ఉండే చిన్న ఊరు. గొప్ప గుడి లేదు, ప్రవక్త పుట్టలేదు, పెద్ద అద్భుతమూ జరగలేదు. మొదట్లో ఆ ఊరికి మంచి పేరు కూడా లేదు. న్యాయాధిపతుల రోజుల్లో గోత్రాలన్నీ ఒకచోట చేరమని కబురు వెళ్తే యాబేషు వాళ్ళు రాలేదు. రాలేదన్న కోపంతో సొంతవాళ్ళే వచ్చి ఆ ఊరిని ఊచకోత కోశారు. చావగా మిగిలినవాళ్ళతో, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరినవాళ్ళతో ఊరు మళ్ళీ చిగురించింది.

కొన్నాళ్ళకి అమ్మోనీయుల రాజు నాహాషు ఆ ఊరి మీద పడ్డాడు. లొంగిపోతాం, సంధి చేసుకో అని ఊరివాళ్ళు బతిమాలారు. సంధికేం, మీ అందరి కుడికళ్ళూ పీకనివ్వండి చాలన్నాడు వాడు. వారం గడువడిగి, ఆదుకునేవాళ్ళ కోసం నలుదిక్కులా మనుషుల్ని పంపారు. ఆ కబురు వింటూనే గిబియా ఊళ్ళో జనం గొల్లుమన్నారు. పొలం నుంచి ఎద్దుల్ని తోలుకుని వస్తున్న ఒక పొడుగాటి మనిషి ఆగి, ‘ఏమైంది, ఎందుకేడుస్తున్నారు?’ అనడిగాడు. అతను సౌలు. అప్పటికే రాజుగా అభిషేకం జరిగింది గానీ ఇంకా కాడి వదల్లేదు. సంగతి విన్నాక అతను ఇంటికి పోలేదు. దేశాన్నంతా లేపి తీసుకొచ్చి యాబేషు వాళ్ళ కళ్ళు కాపాడాడు.

ఆ తరవాత యాబేషు ఊసు చాలాకాలం వినిపించదు. సౌలు మటుకు చెడిపోయాడు. తన తరవాత రాజు కాబోయే దావీదు మీద అసూయ పట్టుకుంది. దేవుడికి పూజ చేసే యాజకుల్నే నరికించాడు. చివరికి గిల్బోవ కొండ మీద ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయి, కొడుకులతో సహా చచ్చాడు. వాళ్ళు అతని తల నరికి, ఆ మొండేన్నీ కొడుకుల శవాల్నీ బేత్షాను కోటగోడకి వేలాడదీశారు. రాజు ఉప్పు తిన్నవాళ్ళు ఒక్కరూ అటుకేసి పోలేదు. యాబేషు నుంచి మాత్రం మగవాళ్ళు లేచి, చీకట్లో నది దాటి శత్రువు గోడ దాకా నడిచారు. సౌలునీ అతని కొడుకుల్నీ దించి తమ ఊరికి మోసుకొచ్చారు. దహనం చేసి, ఎముకలు చెట్టు కింద పాతిపెట్టి, ఏడురోజులు పస్తున్నారు.

“పిలిస్తే రాని ఊరు, పిలవకుండా వెళ్ళిన ఊరైంది,” అనేది జయశీల. అంతటితో పాఠం ఆపేసేది. ఆ ఊరంటే తనకెందుకంత ప్రాణమో ఎప్పుడూ చెప్పేది కాదు.

ఆ సంగతి ఇరవై ఏళ్ళ కిందటిది. అప్పుడావిడ భర్త మోహన్‌రావు వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుండేవాడు. చలికాలం పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్తూ మంచుగడ్డ కట్టిన రోడ్డు మీద కారు జారి చనిపోయాడు. అప్పటికి కూతురు రియా ఇంకా నడక నేర్వలేదు. మొగుడి ఉద్యోగం మీద వచ్చిన డిపెండెంట్ వీసా మొగుడితోనే పోతుందని జయశీలకి ఎవరో చెప్పేదాకా తెలియదు. న్యూజెర్సీ నుంచి బావగారు దిగాడు. అంత్యక్రియలు జరిపించాడు, కాదనడానికి లేదు. ఆ మర్నాడు బీరువా తీసి తల్లీబిడ్డల పాస్‌పోర్టులు జేబులో పెట్టుకున్నాడు.

“పాప ఇక్కడ పుట్టింది. మా ఇంటి బిడ్డ. మా దగ్గర పెరుగుతుంది,” అన్నాడు. “నీకు టికెట్ బుక్ చేస్తాను. వయసులో ఉన్నావు, ఊరికెళ్ళి మళ్ళీ బతుకు చూసుకో. వకీలు కాగితం పంపిస్తాడు, సంతకం పెట్టు.”

పాపకి పాలైపోయాయి. బావగారు ఫోన్‌లో ఉండగా జయశీల బిడ్డని చంకనేసుకుని, పక్క వీధిలో ఉన్న ఇండియన్ స్టోర్‌కి నడిచి వెళ్ళింది. పాల డబ్బా కౌంటర్ మీద పెట్టింది. కౌంటర్ దగ్గరున్న గుజరాతీ ఆవిడ “అంతా బాగేనా?” అని మామూలుగా అడిగింది. అంతే, కట్ట తెగింది. జయశీల అక్కడే, నేల మీద కూలబడి ఏడ్చింది. లైన్‌లో ఉన్నవాళ్ళు పక్క కౌంటర్‌కి జరిగారు.

వెనక కూరగాయల దగ్గర కొత్తిమీర ఏరుకుంటున్న ఒక మనిషి ఆ ఏడుపు విన్నాడు. బండి అక్కడే వదిలేసి, చేతిలో కట్టతోనే వచ్చాడు. పేరు చక్రపాణి. కన్సల్టింగ్ కంపెనీ పెట్టి అప్పుడప్పుడే పైకొస్తున్నాడు. తెలుగు సంఘంలో అందరికీ తెలిసినవాడు. జయశీలకి మాత్రం పండగ భోజనాల్లో దూరం నుంచి చూసిన మొహం, అంతే.

“ఏమ్మా, ఎందుకేడుస్తున్నావు?” అన్నాడు. పక్కన నేల మీదే కూర్చున్నాడు. మొత్తం విన్నాడు. విన్నాక ఫోన్ తీసి నలుగుర్ని పిలిచాడు. ఆ సాయంత్రం అయిదుగురు మగాళ్ళు జయశీల అపార్ట్‌మెంట్‌లో సోఫా మీదా కార్పెట్ మీదా కూర్చున్నారు. వాళ్ళలో గోపాల్ అనే ఆయన పాపని ఒళ్ళో ఆడిస్తూ ఉన్నాడు. చక్రపాణి గొంతు పెంచలేదు.

“బావగారూ, మీకు తమ్ముడు పోయాడు. ఆ బాధ మాకు తెలుసు. కానీ తల్లి దగ్గర్నుంచి బిడ్డని తీసుకోవడం ఏ ఊళ్ళో న్యాయం? ఆ పాస్‌పోర్టులు ఆ టేబుల్ మీద పెట్టండి. కాఫీ తాగుదాం. లేదంటే పోలీస్‌ని పిలుస్తాను, వాళ్ళతో ఇంగ్లీష్‌లో మాట్లాడుకుందాం.”

పాస్‌పోర్టులు టేబుల్ మీదికొచ్చాయి. అక్కడితో ఆగిపోయినా గొప్పే. చక్రపాణి ఆగలేదు. లాయర్‌ని పట్టుకున్నాడు. స్టూడెంట్ వీసా మీదికి మార్పించి కమ్యూనిటీ కాలేజ్‌లో నర్సింగ్‌లో చేర్పించాడు. ఆవిడకి డ్రైవింగ్ రాదంటే ఆయన భార్య పద్మజ కారెక్కించి నేర్పించింది. జయశీల రిజిస్టర్డ్ నర్సయి, హాస్పిటల్ యూనిఫాం తొడుక్కున్న రోజు స్వీట్ల డబ్బాతో వాళ్ళింటికి వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే చక్రపాణి వెనక్కి గెంతాడు. “మీ మతంలో ఇవి లేవు కదమ్మా!” అని నవ్వాడు.

ఆ మనిషి తరవాత పాడైపోయాడు. ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. కంపెనీ పెరిగింది, ఇల్లు పెరిగింది, సంఘం హాల్లో గోడకి ఫోటో ఎక్కింది. లేని ప్రాజెక్టులు ఉన్నట్టు చూపించి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళని ఇండియా నుంచి దించాడు. పనీ జీతమూ లేకుండా ‘బెంచ్’ మీద కూర్చోబెట్టాడు. నోరెత్తినవాళ్ళని వీసా పేరు చెప్పి బెదిరించాడు. ఒకనాడు అదంతా బద్దలైంది. కేసు, తప్పొప్పుకోలు, జైలు. ఆయన కింద పనిచేసిన కుర్రాళ్ళ వీసాలు వరసగా పోయాయి. అందులో రవికుమార్ ఒకడు. పెళ్ళి కుదిరాక వెనక్కి పంపేశారు, ఆ సంబంధం తప్పిపోయింది. తండ్రి ఆ దిగులుతోనే పోయాడంటాడు. ఏళ్ళ తరవాత ఇంకో కంపెనీ ద్వారా మళ్ళీ వచ్చి, రేణుని చేసుకుని, ఇప్పుడు జయశీల క్లాసులోనే కూర్చుంటాడు.

పద్మజ విడాకులు తీసుకుని హైదరాబాద్‌లో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. కొడుకు అవినాష్ రెడ్‌మండ్‌లో ఉద్యోగం చూసుకుని తండ్రితో మాట మానేశాడు. హాల్లో ఫోటో దించేశారు. జైలు నుంచి వచ్చాక చక్రపాణి హెర్న్‌డన్‌లోనే ఎవరిదో బేస్‌మెంట్‌లో గది తీసుకున్నాడు. జయశీల ఏటా క్రిస్మస్‌కి కేక్ పట్టుకెళ్ళేది. తలుపు తీసేవాడు కాదు. “అక్కడ పెట్టి వెళ్ళమ్మా. నీకు మొహం చూపించలేను,” అని లోపల్నుంచే అనేవాడు. ఆవిడ మెట్ల మీద పెట్టి వచ్చేది.

కిందటేడు చలికాలంలో ఆ మెట్ల మీదే గుండె ఆగి పడిపోయాడు. ఇంటి ఓనరు చూసేసరికే ఆలస్యమైంది. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో వార్త పెట్టారు. మామూలుగా ఎవరు పోయినా వందల నమస్కారాలొచ్చే గ్రూప్ అది. ఆ రోజు గంటలకొద్దీ ఎవరూ పలకలేదు. చివరికి ఒకాయన ‘దేవుడు అన్నీ చూస్తాడు’ అని పెట్టాడు. దానికి మాత్రం బొటనవేళ్ళు చాలా లేచాయి.

జయశీల లంచ్ బ్రేక్‌లో అది చదివింది. డబ్బా మూత పెట్టేసి హాస్పిటల్ మార్చురీకి ఫోన్ చేసింది. బాడీ కోసం ఎవరూ రాలేదన్నారు. రాకపోతే కౌంటీ ప్రభుత్వం వాళ్ళే దహనం చేయించేస్తారు. ఆవిడకి అవినాష్ నంబర్ సంపాదించడానికి రెండు రోజులు పట్టింది.

“ఆంటీ, ఐ యామ్ సారీ. నేను రాలేను,” అన్నాడు అవినాష్. గొంతు రాయిలా ఉంది. “సైన్ కావాలంటే చేస్తా. దట్స్ ఆల్.”

“సంతకం చాలు నాన్నా. మిగతాది నేను చూసుకుంటా.”

“వై యు, ఆంటీ? మీకేం రిలేషన్?”

“నువ్వొచ్చినప్పుడు చెప్తాలే.”

“నేను రాను.”

“సరే నాన్నా. ఎప్పుడొస్తే అప్పుడు.”

కూతురు రియా రిచ్‌మండ్‌లో చదువుతోంది. ఫోన్‌లో అంది, “మామ్, చర్చ్‌లో అందరూ నీ మీద కోపం అవుతారు. నువ్వు ఒక్కదానివే ఎలా చేస్తావు?” జయశీల, “నీ పాస్‌పోర్ట్ ఎక్కడుంది రియా?” అనడిగింది. “మై డెస్క్. వై?” అంది పిల్ల. “ఏం లేదు. శనివారం వస్తావా?” అంది తల్లి.

ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో ప్లేట్లు సర్దుతుంటే రవికుమార్ దగ్గరికొచ్చాడు. రేణు చెయ్యి పట్టుకుని ఆపబోయింది, విదిలించుకున్నాడు.

“ఆంటీ, విన్నది నిజమేనా? వాడికి మీరు కర్మకాండ చేయిస్తున్నారంట.”

“నిజమే రవీ.”

“యాబేషు యాబేషు అని మాకు చెప్పారు కదా. సౌలు రాజు ఆంటీ. వీడు దొంగ. నా బతుకులో ముఖ్యమైన ఏళ్ళు తినేశాడు. మా నాన్న...”

జయశీల చేతిలో ప్లేట్లు కింద పెట్టింది. “సౌలు మంచివాడిగా చావలేదు రవీ. యాజకుల్ని చంపించాడు. వాళ్ళ పెళ్ళాం పిల్లల్నీ వదల్లేదు. ఆ సంగతి యాబేషు వాళ్ళకి తెలియదనుకున్నావా? తెలుసు.”

“మరెందుకెళ్ళారు?”

“వాళ్ళ కళ్ళు వాళ్ళకున్నాయి కాబట్టి.”

జయశీలే మళ్ళీ అంది: “నిన్ను రమ్మని అడగను. ఆయన నీకు చేసింది తప్పే. అది చిన్నదని నేనెప్పుడూ అనను. నువ్వు రాకపోతే అది నీ తప్పు కాదు. నేను పోకపోతే మాత్రం నాదవుతుంది. నా బిడ్డ నా దగ్గరుందంటే ఆయన వల్ల.” ఆ రోజు మొదటిసారిగా, ఆ బిర్యానీ ట్రేల మధ్య నిలబడి, స్టోర్‌లో కొత్తిమీర కట్టతో వచ్చిన మనిషి సంగతి బయటపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు గరిటెలు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

సహవాసం పెద్ద ఒకాయనకి ఇంకో సందేహమొచ్చింది. మనం సమాధి చేసేవాళ్ళం, దహనంలో మీరు నిలబడొచ్చా అని. “ఆయన హిందువండీ, ఆయన పద్ధతిలోనే పంపాలి,” అంది జయశీల. “అయినా యాబేషు వాళ్ళు కూడా దహనమే చేశారు కదా.”

శనివారం పొద్దున ఫ్యూనరల్ హోమ్‌లో జయశీల, రియా కలిసి చక్రపాణికి ఆఖరి స్నానం చేయించారు. నర్సుకి ఆ పని కొత్త కాదు. అయినా ముఖం తుడిచేటప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళూ తలుపు వెనక దాక్కున్న ముఖం. గడ్డం పెరిగిపోయి ఉంటే తనే గీసింది. కొత్త పంచె తెచ్చింది గానీ కట్టడం తెలియదు. గుడి పంతులుగారు వచ్చి కట్టాడు. మొదట ఆయనా తటపటాయించాడు, గుడి కమిటీలో మాటొస్తుందని. “అమ్మా, మీరు అన్యమతస్థులై ఉండి చేయిస్తుంటే నేను రాకపోతే నా వేదం ఎందుకు?” అని చివరికి తనే ఫోన్ చేశాడు.

జనం ఎక్కువమంది రాలేదు. రెండు వరసల కుర్చీలు కూడా నిండలేదు. గోపాల్‌గారొచ్చాడు. ఆ రోజు పాపని ఒళ్ళో ఆడించిన మనిషే. ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు, వాకర్ పట్టుకుని వచ్చాడు. ఆనాటి అయిదుగురిలో ఇక్కడ మిగిలింది ఆయనొక్కడే. నిలువెత్తు ఎదిగిన రియాని చూసి, “ఈ పిల్లేనా?” అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇండియన్ స్టోర్ గుజరాతీ ఆవిడ వచ్చింది. ఆఖర్న రేణు వచ్చి జయశీల పక్కన కూర్చుంది.

“రవి కార్‌లో ఉన్నాడాంటీ. లోపలికి రానన్నాడు.”

“నువ్వు రావడమే ఎక్కువమ్మా.”

కొడుకు చేయవలసిన క్రియ గోపాల్‌గారు చేశాడు. రెడ్‌మండ్ నుంచి సంతకం ఒక్కటే వచ్చింది. పంతులుగారి మంత్రాల తరవాత జయశీల లేచి తన మాటల్లో తన దేవుడికి చిన్న ప్రార్థన చేసింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చక్రపాణి చేసిన తప్పుల్ని దాచలేదు ఆ ప్రార్థనలో. ఆయన వల్ల నష్టపోయినవాళ్ళని నువ్వే ఆదుకో తండ్రీ అని ముందు వాళ్ళ కోసం అడిగి, తరవాతే ఆయన కోసం అడిగింది. రేణు వెక్కి వెక్కి ఏడ్చింది.

బయటికొచ్చేసరికి గోపాల్‌గారి కాళ్ళు వణుకుతున్నాయి, డ్రైవ్ చేసే స్థితిలో లేడు. పార్కింగ్ లాట్ అవతల చివర నుంచి రవికుమార్ నడుచుకుంటూ వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా, “అంకుల్, కీస్ ఇవ్వండి. నేను దింపుతా,” అన్నాడు. వాకర్ మడిచి డిక్కీలో పెట్టి, ఆయన్ని జాగ్రత్తగా ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

అస్థికలు జయశీల ఇంటికే వచ్చాయి. ఖాళీగా ఉన్న రియా గదిలో, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి పెట్టింది. ఆ వారమంతా ఒంటిపూట మజ్జిగన్నం తిని డ్యూటీకెళ్ళింది. సహవాసంలో కొంతమంది ఆవిడ ఇంటికి రావడం మానేశారు. హిందువుల ఆంటీలు కొంతమంది కొత్తగా రావడం మొదలుపెట్టారు. రెంటినీ ఆవిడ పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే లోకంలో, తెప్ప మునిగాక దాని చెక్కలు ఏరడానికి మళ్ళీ నీళ్ళల్లోకి దిగిన మనిషి ఆవిడ. అలాంటివాళ్ళకి జనం లెక్కలు అంతగా ఎక్కవు.

ఎండాకాలంలో ఒకరోజు, చెప్పాపెట్టకుండా, అవినాష్ వచ్చాడు. వీపున బ్యాగుతో గుమ్మంలో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి చూసి జయశీల ఉలిక్కిపడింది. ముమ్మూర్తులా తండ్రే. “కాన్ఫరెన్స్ ఉంది డీసీలో. జస్ట్ వచ్చా,” అన్నాడు. కూర్చోబెట్టి అన్నం పెట్టింది. గోంగూర పప్పు, చేపల వేపుడు. రెండు ముద్దలు తిని ఆగాడు.

“ఆంటీ, ఫోన్‌లో అన్నారు. నేనొచ్చినప్పుడు చెప్తానని. మీకేం రిలేషన్?”

జయశీల చెప్పింది. అంతా చెప్పింది. స్టోరు, పాలు, నేల మీద పక్కన కూర్చోవడం, పాస్‌పోర్టులు, మెట్ల మీద కేకులు, అన్నీ. అవినాష్ పళ్ళెంలోకి చూస్తూ విన్నాడు. తండ్రి ఇంట్లో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదట. అమ్మ కూడా చెప్పలేదట.

“హి వాజ్ లైక్ దట్?” అన్నాడు.

“అలాగే ఉండేవాడు నాన్నా. తరవాత ఇంకోలా అయ్యాడు. రెండూ ఆయనే.”

“ఐ డోంట్ నో వాట్ టు డూ విత్ దట్, ఆంటీ.”

“ఇవాళే ఏమీ చేయక్కర్లేదు. అన్నం చల్లారిపోతోంది, తిను.”

తిన్నాడు. రెండోసారి పప్పడిగాడు. అస్థికలున్న గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు ఒక్కడే ఉన్నాడు. కళ్ళు తుడుచుకుని వచ్చాక, అస్థికల్ని రాజమండ్రిలో గోదావరికి తీసుకెళ్తానన్నాడు, అక్కడే నానమ్మ తాతయ్యలవి కలిపారని. దావీదు కూడా చాలాకాలానికి యాబేషు నుంచి సౌలు ఎముకలు తెప్పించి, సౌలు తండ్రి సమాధిలోనే పెట్టించాడు. ఆ మాట జయశీల నాలిక చివరిదాకా వచ్చింది, కానీ ఆ పిల్లాడికి ఆ పూట పాఠం అవసరం లేదనిపించి ఊరుకుంది. కలశాన్ని తన పాత కాటన్ చీరలో చుట్టి, అటూ ఇటూ కదలకుండా అతని బ్యాగులో సర్దింది.

ఉబర్ వచ్చింది. అవినాష్ గుమ్మంలో ఆగి, ఎలా అడగాలో తెలియనివాడిలా, “ఆంటీ, నవంబర్‌లో టికెట్స్ బుక్ చేస్తున్నా. నాకు అక్కడ ఏం చెయ్యాలో తెలీదు. మీరు కూడా వస్తారా?” అన్నాడు.

“సెలవు పెట్టుకోవాలి నాన్నా,” అంది జయశీల. “మా మేనేజర్‌ని రేపడుగుతా.”